జనవరిలో గులాబీలు పూశాయట

రెండు వేల పదహారవ సంవత్సరం, జనవరి అయిదవ తేదీ, మంగళవారం. పోర్ట్‌బ్లెయిర్ మీద ఆకాశం ఉతికి ఆరేసిన నీలిగుడ్డలా ఉంది. ఈశాన్యపు గాలిలో తడి లేదు. ఎండ మాత్రం పొద్దున్నే మాడు పగిలేటంత చురుకుగా కాస్తోంది. పంచాంగం లెక్కన అది హేమంతం. ఋతువులు ఆరని బడిలో ఎంత వల్లె వేయించినా అండమాన్ దీవుల పిల్లలు ఎరిగినవి రెండే: వాన కురిసే కాలం, వాన కురవబోయే కాలం. హేమంత శిశిరాలు వారికి పరీక్షలో రాసి మరచిపోయే మాటలు. ఫ్యాను వేగం ఒక మెట్టు తగ్గించిన రోజును చలికాలమని పిలుచుకొనే చోట, ఆ మాటలకు అర్థం చెప్పవలసి వచ్చిన ఉపాధ్యాయుల అవస్థ వేరే కథ.

ఆ ఉదయం హాడో రేవులో విశాఖపట్నం ఓడ ఎక్కేవారి వరుసలో ఇద్దరు ఆడవాళ్ళు కంబళిగుడ్డతో కుట్టిన దళసరి కోట్లు చంకన పెట్టుకొని చెమటలు కక్కుతూ నిలబడ్డారు. చూసినవారంతా నవ్వారు. పెద్దామె సుందరి ఆ నవ్వుకు ముడుచుకుపోయింది. చిన్నామె ఫేబే మాత్రం నవ్విన వారి వైపు తిరిగి, "హసో భయ్యా, హసో! కశ్మీరులో మేం వెచ్చగా ఉంటే మీరు ఇక్కడ చెమటలో ఈదుతారు!" అంది. వరుస వరుసంతా మళ్ళీ నవ్వింది. ఆ రెండవ నవ్వు మొదటిదాని వంటిది కాదని సుందరికి వెంటనే తెలిసింది. మొదటిసారి నవ్వింది ఇద్దరినీ చూసి, రెండవసారి నవ్వింది ఫేబేతో కలిసి.

సుందరిది పోర్ట్‌బ్లెయిర్ శివారులోని బ్రూక్షాబాద్. ఇంటి ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకొని బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. భర్త యేసురాజు హాడో రేవులో క్రేను నడుపుతాడు. ఆమె తండ్రి తుని ప్రాంతం నుంచి వచ్చినవాడు; కూతురికి తెలుగు అక్షరాలను ఒత్తులతో, దీర్ఘాలతో, తప్పు పలికితే నెత్తిన మొట్టికాయతో నేర్పాడు. అందువల్ల చర్చిలో తెలుగు ఆరాధన వేళ బైబిలు వాక్యం చదివే పని ఏళ్ళ తరబడి ఆమెదే. సంయుక్తాక్షరాల దగ్గర ఆమె నాలుక తొట్రుపడిన రోజు లేదు. చదివి కూర్చోగానే పక్కనున్నవారు "భలే చదివావు సుందరమ్మా" అనేవారు. ఏం చదివిందో మాత్రం గుమ్మం దాటేలోగా మరచిపోయేవారు. ఆ సంగతి ఆమెకు తెలుసు.

ఫేబే ఆమె కంటె పదిహేను పదహారేళ్ళు చిన్నది. హాడో బజారులో ఫోన్ల దుకాణంలో పనిచేస్తుంది. ఆమె మాటలో కర్త ఒక భాషలో ఉంటే క్రియ మరొక భాషలో ఉంటుంది. ఏకవచనం, బహువచనం అన్న తేడా ఆమెకు పట్టదు. అయినా ఆమె నోరు తెరిస్తే కూర్చున్నవారు లేవరు.

ఈ ఇద్దరూ కలిసి బయలుదేరడానికి కారణం ఒక క్యాలెండరు. దారపు కండెలు అమ్మే కంపెనీవారు ఎప్పుడో ఇచ్చినది. సంవత్సరం గడిచినా సుందరి దానిని మిషను ఎదుటి గోడ మీద నుంచి తీయలేదు. అందులో శ్రీనగర్ షాలిమార్ తోట బొమ్మ ఉంది: జహంగీరు చక్రవర్తి వేయించినది, నడుమ కాలువ, అందులో ఎగిరే నీళ్ళు, రెండు వైపులా గులాబీలు. సూదిలో దారం ఎక్కించిన ప్రతిసారి ఆమె కన్ను ఆ బొమ్మ మీద పడేది. చక్రవర్తి తోటను చూడాలన్న కోరిక అలా దారం దారంగా పేరుకొంది. జనవరిలో బసలు చవక, రైళ్ళలో చోటు సులువు. బళ్ళు తెరిచి మళ్ళీ యూనిఫారాల తాకిడి మొదలయ్యేలోగా తిరిగి రావచ్చు. యేసురాజు రానన్నాడు. "ఎళ్ళు, గానీ ఒక్కదానివీ ఎళ్ళకు," అన్నాడు. తోడు వస్తానన్నది ఫేబే ఒక్కతే. ఆమె భర్త ప్రవీణ్ కుమార్, "తీసుకెళ్ళండి ఆంటీ, పదిహేను దినాలు ఇల్లు శాంతిగా ఉంటది," అన్నాడు.

అసలు కోరిక తోటతో ఆగలేదు. బ్రూక్షాబాద్ తెలుగు సంఘంలో ఒక అలవాటు ఉంది. మెయిన్‌లాండ్‌లో కొత్త చోటు చూసి వచ్చినవారు, ఆరాధన ముగిశాక రేకుల షెడ్డులో టీ తాగే వేళ లేచి నిలబడి ఆ చోటు గురించి చెప్పాలి. ప్రయాణానికి ఒక్కరే చెప్పాలి. ఇద్దరు చెబితే టీ చల్లారిపోతుందని పెద్దలు ఏనాడో పెట్టిన కట్టడి. అలా చెప్పినవారి పేరు ఆ చోటికి అతుక్కుపోయేది. తాజ్‌మహల్ అంటే ఫలానావారు, ఊటీ అంటే ఫలానావారు. సుందరి ఇన్నేళ్ళూ ఇతరుల మాటలే చదివింది. ఒక్కసారి తన మాట తాను చెప్పి, షెడ్డులో ఒక్కరూ కదలకుండా వింటుంటే చూడాలి. షాలిమార్ అంటే సుందరి అనాలి. ఆమె ఆశించింది అదే.

ఓడలో రెండవ రోజుకే ఆ ఆశకు మొదటి దెబ్బ తగిలింది. బంకు తరగతిలో వీళ్ళ పడకల చుట్టూ జనం చేరారు. ఫేబే తన అత్తగారికి సెల్‌ఫోను నేర్పిన కథ చెబుతోంది. "మా సాస్ ఫోను చెవికి ఉల్టా పెట్టి, 'ఓలమ్మో, ఈళ్ళకి గొంతు నేదేటి' అంటది!" అపరిచితులంతా విరగబడి నవ్వారు. సుందరి మూట విప్పి అటుకులు, ఎండుచేపల పొడి బయటికి తీసింది. ఎవరూ ఆమె వైపు చూడలేదు. ఒకే కంబళిని కత్తిరించి, ఒకే కొలతతో తాను కుట్టిన రెండు కోట్లలో ఫేబే తొడుక్కున్నదే బాగుందని కూడా ఆమెకు అప్పుడే తోచింది.

తెలుగులో ఈర్ష్య, అసూయ అన్న మాటలను ఒకదాని బదులు మరొకటి వాడేస్తుంటాం. అది పొరపాటు. ఎదుటివారి మేలు ఓర్వలేకపోవడం ఈర్ష్య. ఎదుటివారి గుణంలోనే తప్పు వెదకడం అసూయ. మొదటిది కడుపులో ఉంటుంది, రెండవది నోట్లో ఉంటుంది. ఓడ విశాఖ చేరేలోగా సుందరి మొదటి దానిని దాటి రెండవ దానిలోకి వచ్చేసింది.

"'అటుకులు బాగుంది' కాదు ఫేబే, 'బాగున్నాయి' అనాలి."

"హాఁ దీదీ, బాగున్నాయి. ఇంకొంచెం ఉంటే దేదో."

"'మేం ఇద్దరు వెళ్తున్నాను' ఏమిటి? 'వెళ్తున్నాం'."

"వెళ్తున్నాం, వెళ్తున్నాం! దీదీ, మీరు తోడుంటే నాకు టీచరు ఫ్రీగా దొరికినట్టు ఉంది," అని ఫేబే ఆమె భుజం మీద వాలి నిద్రపోయింది. సుందరికి ఆ తల బరువుగా తోచింది. తోసివేయడానికి మాత్రం చేయి రాలేదు.

విశాఖ నుంచి ఢిల్లీకి, ఢిల్లీ నుంచి జమ్మూకు స్లీపరు బోగీలలో వెళ్ళారు. జమ్మూ నుంచి పదిమంది ఇరుక్కున్న సుమోలో కొండ ఎక్కారు. ఏ తుఫానులోనూ ఓడలో వాంతి చేసుకోని ఫేబేకు కొండదారి మలుపులు పడలేదు. శ్రీనగర్ చేరేసరికి జ్వరం కూడా వచ్చింది. ఒక ముసలామె ఇంటిలో చవకగా దొరికిన గదిలో, వెదురుబుట్టలో పెట్టిన నిప్పుల కుండను పొట్టకు హత్తుకొని, రెండు రజాయిల కింద వణుకుతూ పడుకొంది. కరెంటు లేక ఫోను చచ్చిపోయింది.

"మీరు వెళ్ళి చూసి రండి దీదీ. నా వల్ల కాదు. కానీ వచ్చాక మొత్తం చెప్పాలి. ఒక్కటి కూడా ఛోడ్‌నా నహీ."

దైవం తనకొక ఉపకారం చేసిందని సుందరి అనుకొంది. అనుకొని, వెంటనే సిగ్గుపడింది. సిగ్గుపడుతూనే కోటు తొడుక్కొంది.

షాలిమార్ గేటు దాటగానే ఆమె మనసు కుంగిపోయింది. క్యాలెండరులోని తోట లేదు. కాలువ ఎండిపోయి ఉంది; నీళ్ళు చిమ్మే గొట్టాలు వరుసగా, చేతిపిడులు ఊడిన కుళాయిల్లా నిలబడి ఉన్నాయి. గులాబీ పొదలను పొట్టిగా నరికి గడ్డి చుట్టారు. పెద్ద పెద్ద చినారు చెట్లకు ఆకన్నది లేదు. పచ్చిక చచ్చిన గడ్డిరంగులో, నడుమ నడుమ మంచు అతుకులతో ఉంది. ఇంత దూరం ఇందుకా వచ్చింది? దీవులలో బగీచా అంటే కొబ్బరిదో పోకదో, కాపు ఉన్న తోట. ఇక్కడ కాపు లేదు, పువ్వు లేదు, మనిషి లేడు.

తిరిగి వెళ్ళబోయి, మెట్టు మీద ఆగి, ఊరికే ఒకసారి చూసింది. అప్పుడు ఆమెలోని దర్జీకి తెలిసింది. అది కుట్టకముందు బల్ల మీద పరచిన గుడ్డ. సుద్దగీతలన్నీ కనిపిస్తున్నాయి. కాలువ నడిమి మడత. దానికి అటూ ఇటూ సరిగ్గా అచ్చుగుద్దినట్టు రెండు సగాలు. మెట్టు మెట్టుకీ ఒక అంచుపట్టీ. ఆ పైన నల్లరాతి మండపం, మెడ దగ్గర బొత్తాంలా. పువ్వులుంటే ఈ కత్తిరింపు కనిపించేది కాదు. చక్రవర్తి పనివాళ్ళు ఏం గీశారో అది ఆమె కోసం విప్పి పెట్టినట్టుంది. ఆమె నోటి ఆవిరి ముందు ముందుగా నడుస్తుంటే, ఆ గీతల వెంట పై మెట్టు దాకా వెళ్ళింది, కిందికి వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. చలికి పళ్ళు కొట్టుకుంటున్నా కదలాలనిపించలేదు. షెడ్డులో చెప్పవలసిన మొదటి వాక్యం కూడా అక్కడే కుదిరింది: "చక్రవర్తి తోట నాకు తన కొలతలు చూపించింది." కర్త, కర్మ, క్రియ, అన్నీ ఉన్న చోట ఉన్నాయి. బస దాకా ఆ వాక్యాన్ని పెదవుల మీద మోసుకొచ్చింది.

గది తలుపు తీయగానే నవ్వులు వినిపించాయి. ఇంటి ముసలామె, ఆమె ఇద్దరు కోడళ్ళు ఫేబే రజాయి చుట్టూ కూర్చున్నారు. ఫేబే వారికి హిందీలో సముద్రం చెబుతోంది. సముద్రాన్ని ఎన్నడూ చూడని ఆ ముగ్గురూ, అల వచ్చినప్పుడల్లా వెనక్కి ఒరుగుతున్నారు. జ్వరంతో ముక్కు కారుతూ, జుట్టు రేగి, గది దాటి బయటికి అడుగు పెట్టని మనిషి!

"ఆ గయీ దీదీ! చెప్పండి, చెప్పండి. ఎలా ఉంది?"

సుందరి నిలబడిపోయింది. తాను ఇప్పుడు చెప్పే ప్రతి మాటా ఈ నోటిలో పడుతుంది. పడిన తరువాత అది తనది కాదు. తన గీతలు, తన బొత్తాం, తన మొదటి వాక్యం, అన్నీ రేపు షెడ్డులో ఫేబే తోట అవుతాయి. ఆ క్షణంలోనే ఇంకొకటి గుర్తుకు వచ్చింది. టీ వేళకు తప్పకుండా వచ్చే గణేశ్వరరావు సైన్యంలో పనిచేసి వచ్చినవాడు. రెండు శీతాకాలాలు కశ్మీరులో గడిపినవాడు; జనవరిలో అక్కడ ఏమీ పూయదని ఎరిగినవాడు.

"షాలిమార్ నిండా గులాబీలు విరగబూశాయి ఫేబే," అంది సుందరి తెలుగులో. ఆ భాష రాని ఇంటివారు షాలిమార్ పేరు విని చిరునవ్వుతో తలలూపారు. "ఎర్రవి, తెల్లవి. కాలువలో నీళ్ళు మనిషెత్తు ఎగురుతున్నాయి. చెట్లు గొడుగులు పట్టినట్టున్నాయి. కింద ఎండే పడదు." క్యాలెండరును చూసి చదివినట్టు, ఒక్క తప్పు లేకుండా చెప్పింది.

ఫేబే కళ్ళు మూసుకొని వింది. "బస్ దీదీ," అంది చివరికి. "నేను చూసేశాను."

ఫిబ్రవరిలో ఒక ఆదివారం. షెడ్డులో టీ గ్లాసులు పంచుతున్నారు. పాస్టరుగారి భార్య ఏంజెలీనా అమ్మగారు, "కశ్మీరు ప్రయాణం ఎవరు చెబుతారు?" అని అడిగారు. ఫేబే సుందరి వైపు చేయి చూపించింది. "దీదీ చెప్పాలి అమ్మగారూ. నేను రజాయి తప్ప ఏమీ చూళ్ళేదు!"

సుందరి కొంగు సర్దుకొంది. చెప్పవచ్చు. నిజమైన తోటనే చెప్పవచ్చు. గదిలో అన్న నాలుగు మాటలనూ సరదాకి అన్నానంటే సరిపోతుంది. లేవబోయింది.

అంతలో ముందు వరుసలోని ముసలి బుల్లమ్మ చేయి ఊపింది. "ఓలి ఫేబే, నువ్వే సెప్పు తల్లీ! సుందరమ్మ నీకు సెప్పిందేదో అదే నువ్వు సెప్పు. ఆవిడ సెప్తే వాక్యం సదివినట్టుంటాది, నిద్దరొస్తాది!"

అందరూ నవ్వారు. కోపం తెచ్చుకోవడానికి కూడా వీలులేని నవ్వు అది. సుందరి కూర్చుంది. "నువ్వే చెప్పు ఫేబే," అంది. వెనుక బల్ల మీద గణేశ్వరరావు ఉన్నాడో లేడో ఒకసారి తిరిగి చూసుకొంది. ఉన్నాడు.

ఫేబే లేచింది. కొండదారి వాంతులతో మొదలు పెట్టి, నిప్పుల కుండను పొట్టకు కట్టుకోవడం అభినయించి, షెడ్డును ఊపేసింది. తరువాత గొంతు తగ్గించింది. "ఇక తోట. తోటలో గులాబీలు పూశాయట. లాల్, సఫేద్. ఎంత దగ్గరగా అంటే, దీదీ చీర కొంగు తగిలితే రేకులు రాలాయట. రాలిన రేకుల్ని నీళ్ళు తీసుకుపోయి చక్రవర్తి మండపం కాళ్ళు కడిగాయట. చెట్ల కింద అంత నీడట, అక్కడ నిలబడితే మన అమ్మల పమిట కింద నిలబడినట్టు ఉందట..."

సుందరి కొంగు గురించి చెప్పలేదు. రేకులు నీళ్ళలో పడ్డాయని చెప్పలేదు. అయినా వింటుంటే ఆమెకు కనిపించాయి. కళ్ళతో చూసి వచ్చిన తోట, వినే కొద్దీ వెలసిపోతోంది. కుళ్ళు అంటే ఏమిటో ఆమెకు అప్పుడు నిజంగా తెలిసింది. ఫేబేకు దక్కిన చప్పట్లను చూసి కుళ్ళుకోవడం పాత సంగతి. ఇప్పుడు ఆమెకు ఫేబే చూడని ఆ తోట మీదే కన్ను కుట్టింది.

"ఆగమ్మా," అన్నాడు గణేశ్వరరావు. "జనవరిలో కశ్మీరులో గులాబీలా? మా రోజుల్లో గడ్డిపోచ కూడా ఉండేది కాదే!"

అందుకోసమే సుందరి ఇన్ని రోజులు కాచుకొని ఉంది. ఫేబే తడబడలేదు. "నాకేం తెలుసు అంకుల్? నేను చూశానన్నానా? పూశాయట అన్నాను. చూసింది దీదీ. దీదీ అబద్ధం చెప్తదా?"

అట. ఈ చిన్న మాటకు వ్యాకరణాలు ఇచ్చే చోటు స్వల్పం. అది చేసే పని గొప్పది. "వాన కురిసింది" అన్నవాడు తడిసినవాడు. "వాన కురిసిందట" అన్నవాడు విన్నవాడు. మాటకు పూచీ ఎవరిదో చెప్పడానికి కొన్ని భాషలకు ఒక వాక్యం పడుతుంది, తెలుగుకు రెండక్షరాలు చాలు. లింగవచనాలన్నిటా తప్పటడుగు వేసే ఫేబే, ఆ రెండక్షరాలను ఒక్కచోట కూడా జారవిడవలేదు. పువ్వు పువ్వుకూ, చుక్క చుక్కకూ అట అంటించి, తోటనంతటినీ సుందరి పేర రాసి పెట్టింది. ప్రేమతోనే రాసింది. వల వేసినామె వలలో నిలబడి ఉంది.

తలలన్నీ ఇటు తిరిగాయి. ప్రతి ఆదివారం ఏ నోటి నుంచి వాక్యం వినేవారో ఆ నోటి వైపు చూస్తున్నారు. ఆమె ఎన్నాళ్ళుగానో కోరుకున్నట్టుగానే, షెడ్డులో ఒక్కరూ కదలడం లేదు.

"పూశాయి," అంది సుందరి. అట లేకుండా అంది.

గణేశ్వరరావు గ్లాసు కింద పెట్టాడు. "అయితే కాలం మారిందేమో లెండి," అన్నాడు. బుల్లమ్మ, "సూడు, ఆ సుందరమ్మ ఎంత అదురుష్టవంతురాలో!" అని బుగ్గన వేలు వేసుకొంది. ఫేబే వచ్చి పక్కన కూర్చొని, "బాగా చెప్పానా దీదీ?" అని చెవిలో అడిగింది. "'రేకుల్ని నీళ్ళు తీసుకుపోయి' అన్నది సరిగ్గానే ఉంది," అంది సుందరి.

ఆనాటి నుంచి షాలిమార్ అంటే ఫేబే. గెత్సేమనే తోట పాఠం వచ్చినా, ఏదెను తోట పాఠం వచ్చినా పిల్లలు ఫేబే ఆంటీ తోట చెప్పమనేవారు. సుందరి వాక్యం చదువుతూనే ఉంది. గీతల తోటను మాత్రం యేసురాజుకు కూడా చెప్పలేదు. చెబితే పూశాయన్న మాట అబద్ధమైపోతుంది. ఆమె మొదటి వాక్యం, అంత చక్కగా కుదిరినది, ఏ చెవినీ చేరకుండా ఉండిపోయింది. యేసురాజు పని విరమించాక, నడిమి అండమాన్ దీవిలోని రంగత్‌లో బడిలో పనిచేసే కూతురి దగ్గరకు ఇద్దరూ వెళ్ళిపోయారు. మిషను కూడా వెంట వెళ్ళింది.

చాలా ఏళ్ళ తరువాత ఆమె ఫేబేకు ఒక ఉత్తరం రాసింది.

రంగత్,
11 డిసెంబరు 2023.

ఫేబేకు, సుందరి దీదీ వందనాలు.

మేం క్షేమం. యేసురాజుకు మోకాళ్ళ నొప్పి. కూతురు బాగుంది.

పోయిన నెల ఇక్కడి స్త్రీల కూటానికి వచ్చి నువ్వు తోట చెప్పావు. నేను చివరి వరుసలో కూర్చున్నాను. అయ్యాక అందరూ నీ చుట్టూ మూగారు, నీకు నేను కనిపించి ఉండను. ఈసారి నెమలిని పెట్టావు. నెమలిని నేను చెప్పలేదు. ఈసారి నువ్వు పూశాయట అనలేదు, పూశాయి అన్నావు. చూసినట్టే చెప్పావు. నాకు రెండు రోజులు అన్నం సహించలేదు. ఈ వయసులో ఇదేమిటని అడగకు.

ఆ తోట నీదే. ఉంచుకో. నేను అడగను. కానీ నేను వెళ్ళిన రోజున అక్కడ ఒక్క పువ్వు లేదు. కాలువలో నీళ్ళు లేవు. అడుగున ఆకులు, ఆకుల మీద గాజు రేకులాంటి మంచు. అడుగు పెడితే చిట్లింది, ఆ చప్పుడు నాకు ఇంకా తెలుసు. చెట్లకు ఆకులు లేనందువల్ల వెనుకనున్న కొండ మొత్తం కనిపించింది. పువ్వుల కాలంలో వెళ్ళినవారికి ఆ కొండ కనిపించదు. ఒక కాకి మండపం మీద నుంచి మండపం మీదికి నాతో పాటే వచ్చింది. తోటలో నేను ఒక్కదాన్నే ఉన్నాను. చక్రవర్తి కూడా దాన్ని అలా ఒక్కడూ చూసి ఉండడు.

ఇది నాది. దీన్ని ఎక్కడా చెప్పకు. చెప్పావని తెలిస్తే నీతో మాట్లాడను.

నీకు తెలుగు చదవడం కష్టమని తెలుసు. అయినా హిందీ అక్షరాల్లో రాయలేదు. ప్రవీణ్ చేత చదివించుకోకు, వాడు గబగబా చదివేస్తాడు. నువ్వే కూడబలుక్కుని చదువు. ఒత్తులున్నచోట ఆగు. పొద్దంతా పట్టినా పరవాలేదు.

సుందరి